ఎక్కడికని అడగని ఇల్లు

మా ఇంట్లో బయటికి వెళ్ళే మనిషిని ఎక్కడికని అడగకూడదు. ఈ పట్టింపు చాలా ఇళ్ళల్లో ఉంటుంది. పొరపాటున అడిగినవాళ్ళు నాలిక కరుచుకుని, "అదే, దూరమా అని" అంటూ సర్దుకుంటారు. మా నాన్న గూడ్సు డ్రైవరు కాబట్టి మాకు అది సర్దుకునే విషయం కాదు. షెడ్ నుంచి కాల్‌మాన్ వచ్చి డ్యూటీ పుస్తకంలో సంతకం పెట్టించుకుని వెళ్ళాక, నాన్న స్నానం చేసి, యూనిఫాం వేసుకుని, నల్ల లైన్ బాక్సు పట్టుకుని గుమ్మం దిగేదాకా మేమెవరం నోరు విప్పేవాళ్ళం కాదు. అమ్మ క్యారియరు అందించి పక్కకి తప్పుకునేది. ఆయన ఏ బండి పట్టుకెళ్ళాడో, ఏ ఊరి రన్నింగ్ రూములో పడుకుంటాడో మాకు తెలిసేది కాదు. తెలుసుకోవాలని అనిపించకూడదని కూడా చిన్నప్పుడే నేర్పేశారు.

ఒకసారి కూరల గంపతో వచ్చే ఛత్తీస్‌గఢీ ఆవిడ గేటు దగ్గర ఎదురై, నవ్వుతూ "కహా జాథౌ బాబూ?" అని ఎక్కడికో అడిగేసింది. నాన్న వెనక్కి వచ్చి, బాక్సు దించి, బూట్లు విప్పి, కుర్చీలో కూర్చుని, గ్లాసుడు నీళ్ళు తాగి, మళ్ళీ బూట్లు వేసుకుని వెళ్ళాడు. షెడ్‌కి ఆలస్యమై చీవాట్లు తిన్నాడు. "ఆఫీసరు చేత మాట పడొచ్చు. ఇది పడకూడదు" అన్నాడు ఆ తర్వాత. బయటివాళ్ళు అడిగితే నీళ్ళు తాగితే సరిపోతుందిట. ఇల్లాలు అడిగిందంటే మాత్రం ఆ రోజు ఇంజనెక్కకూడదని, శ్రీకాకుళం నుంచి కోడలిగా ఈ కాలనీకి వచ్చిన మా నాయనమ్మ చెప్పి పోయింది. అమ్మ కాపురానికి వచ్చాక అలాంటి రోజు ఒక్కటీ రాలేదు.

నాన్న అన్న ఆ "ఇది" ఏమిటో బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో ఎవరూ విప్పి చెప్పనక్కర్లేదు. షెడ్ సైరన్ ఒకే పొడుగు కూత కూస్తే షిఫ్టు మారినట్టు. ఆగి ఆగి కూసిందంటే ఎక్కడో బండి పడింది, రిలీఫ్ ట్రైన్ బయల్దేరుతోంది. అప్పుడు ఆడవాళ్ళందరూ పొయ్యిలు ఆర్పేసి వీధిలోకి వచ్చి నిలబడేవారు. మా అమ్మ గడప దాటేది కాదు. లోపలే నిలబడి చెంగు నోటికి అడ్డం పెట్టుకునేది.

అలాంటి ఇంట్లో పుట్టి నేను విదేశం చూడాలనుకున్నాను. నా తల తిక్కకి అదొక రుజువు. ఎనభైల చివరి రోజులు, బీఎస్సీ ఆఖరి ఏడు. నాది డబ్బున్నవాళ్ళ కోరిక కాదు, రైల్వే పాసు మీద దేశమంతా తిరిగి విసుగెత్తినవాడి కోరిక. హౌరా వెళ్ళినా, మద్రాసు వెళ్ళినా అదే వెయిటింగ్ రూము, అదే మట్టి ముంతలో టీ, నాన్న ఉద్యోగం పుణ్యాన అదే కిటికీ పక్క సీటు. నాన్న పేరు చెప్పినా, పాసు చూపించినా ఎవరూ ఖాతరు చెయ్యని చోటు ఒక్కటైనా చూడాలని ఉండేది. చదువైపోతే కొడుకులకి పాసు ఉండదు. ఈలోగా పాసు మీద దేశం అంచుదాకా వెళ్ళి, ఆ అంచు నుంచి ట్యూషన్ డబ్బులతో దాటాలి. సముద్రం ఎక్కడ ఇరుగ్గా ఉంటే అక్కడ దాటడమే మా లెక్క.

మా అని ఎందుకన్నానంటే పక్క క్వార్టరు గార్డుగారి అబ్బాయి కూడా ఇందులో ఉన్నాడు. ఒకే బెంచీ మీద చదువుకున్నాం. వాళ్ళది పలాస వైపు. చుట్టరికం లేకపోయినా మా నాన్నని మావయ్య అనీ, అమ్మని అత్త అనీ పిలిచేవాడు. నా స్కూలు అట్లాసు వరండాలో పరుచుకుని ఇద్దరం బోర్లా పడుకునేవాళ్ళం. ఏ భాషైనా కూడబలుక్కుని చదివే ఆ ప్రబుద్ధుడికి అట్లాసు బాగా నచ్చింది, అందులో చదవాల్సింది తక్కువ కాబట్టి.

మొదట సిలోన్ అనుకున్నాం. రామేశ్వరందాకా పాసు, అక్కడి నుంచి ఓడ. కోర్టు దగ్గర విమానం టికెట్లు రాసే పెద్దాయన్ని అడిగితే ఆయన కళ్ళద్దాలు తీసి మమ్మల్ని ఎగాదిగా చూశాడు. ఆ ఓడ ఆగిపోయి చాలా కాలమైందనీ, అక్కడ ఇళ్ళకి ఇళ్ళు తగలబడుతున్నాయనీ, పేపరు చదవరా అనీ అడిగాడు. సరే, రంగూన్ అనుకున్నాం. మా తాతల కాలంలో ఊళ్ళకి ఊళ్ళు అక్కడికి వెళ్ళి పని చేసొచ్చినవే, రంగం అనేవారు. అది అనుకున్న ఎండాకాలం మొదట్లోనే అక్కడ విద్యార్థుల మీద కాల్పులు జరిగాయని రేడియో చెప్పింది. "అపనీ ఉమర్ కే లడకే, యార్" అన్నాడు మావాడు, మన ఈడు కుర్రాళ్ళేనని. వాడి మొహంలో నవ్వు పోయింది. పెన్సిల్ తీసుకుని బర్మా మీద ఇంటూ మార్కు పెట్టాడు.

లోపల బియ్యం ఏరుతున్న అమ్మ ఇదంతా వింటూనే ఉంది. "ఆ పుస్తకం ముయ్యండ్రా. మీరు వేలెట్టిన చోటల్లా కాలిపోతంది" అంది. నేను నవ్వేశాను గానీ, ఆ మాట నాలో ముల్లులా ఉండిపోయింది. ఆ తర్వాత ఏ దేశం మీద వేలు పెట్టబోయినా ఒక్క క్షణం ఆగేవాణ్ణి.

ఒక రెస్టు రోజు నాన్న వరండాలో కూర్చుని ఉన్నాడు. అప్పుడు మా దృష్టి సయాం మీద, అంటే థాయ్‌లాండ్ మీద ఉంది. "ఏదీ, నన్నూ చూడనియ్యండి" అని ఆయన అట్లాసు ఒళ్ళోకి తీసుకున్నాడు.

"బర్మా పక్కన పచ్చగా ఉంది చూడండి మావయ్యా, అదే" అన్నాడు మావాడు.

నాన్న వేలు కాసేపు తిరిగి, ఇంకో దేశం మీద ఆగింది. అది ఎర్రటి ఎరుపు. "ఇదే కదా?" అన్నాడు.

"అది ఎర్రది, మావయ్యా!"

"అదే, ఎర్రదే. ఎండకి కళ్ళు చెదురుతున్నాయి" అని అట్లాసు నాకు ఇచ్చేశాడు. డ్రైవరుగారికి ఎరుపు, పచ్చా తెలియడం లేదని మేమిద్దరం పగలబడి నవ్వాం. నాన్న కూడా నవ్వాడు. అమ్మ నవ్వలేదు. ఆమె చేతిలో చేట ఆగిపోయి ఉంది.

తర్వాత కొన్నాళ్ళకి మావాడికి రైల్వేలో అసిస్టెంటు డ్రైవరు ఉద్యోగం వచ్చింది. "నువ్వెళ్ళు యార్. వచ్చి నాకు చెప్దువు గాని" అని ప్రయాణం నా ఒక్కడికే వదిలేశాడు. ట్రైనింగు అయ్యాక వాణ్ణి నాన్న ఇంజను మీదే వేశారు. మా ఇంట్లో అందరికీ సంతోషమే. నేను ఒక్కణ్ణే కూర్చుని సయాం ఖర్చుకి దడిసి, చివరికి మాల్దీవులు ఖాయం చేసుకున్నాను. పాసు మీద త్రివేండ్రం, అక్కడి నుంచి చిన్న విమానం, మనవాళ్ళని వీసా అడగరట. చేపలు తినడానికి నాకేం అభ్యంతరం లేదు. భోపాల్ నుంచి పాస్‌పోర్టు కూడా వచ్చేసింది. ట్యూషన్ డబ్బులకి తోడు కాస్త సర్దుతానని నాన్న మాటిచ్చాడు.

అలా ఉండగా ఒక మధ్యాహ్నం మావాడు నన్ను దయాల్‌బంద్‌లోని టీ కొట్టుకి తీసుకెళ్ళాడు. కాలనీలో ఇన్ని టీ కొట్లుండగా అంత దూరం ఎందుకో నాకు అర్థం కాలేదు. వాడి టీ మీద మీగడ కట్టింది, ముట్టుకోలేదు.

ఇంజనులో ఒక పద్ధతి ఉంటుంది. సిగ్నల్ కనపడగానే అసిస్టెంటు దాని రంగు గట్టిగా చెప్పాలి, డ్రైవరు తన కళ్ళతో చూసి తనూ చెప్పాలి. ఇద్దరి మాటా ఒకటైతేనే బండి ఆ ప్రకారం నడుస్తుంది. ఒకరు పొరబడితే ఇంకొకరు పట్టుకుంటారని ఆ ఏర్పాటు.

"మావయ్య నా తర్వాతే అంటన్నాడ్రా" అన్నాడు మావాడు.

"తర్వాతే కదా అనాలి?"

"నా మాట విని అంటన్నాడు. చూసి అనట్లేదు. మొన్న నేను కావాలని నోరు మూసుకున్నాను. ఆయనా ఏటీ అనలేదు. సిగ్నల్ మీదికొచ్చేస్తంది. అప్పుడాయన నా మొహం చూసేడు. సిగ్నల్ వైపు కాదురా, నా మొహం."

"అప్పుడు?"

"ఎల్లో అన్నాను. ఎల్లో అని, బ్రేకేసేడు."

వాడు ఇంకా చెప్పాడు. నాన్న చాలా కాలంగా అడిగి మరీ బొగ్గు గనుల బ్రాంచిలో పగటి డ్యూటీలే వేయించుకుంటున్నాడు. అక్కడివి చెయ్యి పైకీ కిందకీ కదిలే పాత సిగ్నళ్ళు. పగటిపూట చెయ్యి వాటం చూస్తే చాలు, రంగుతో పని లేదు. స్టేషను దాటేదాకా ఉన్న రంగు దీపాలు మావాడి నోటితో గడిచిపోతున్నాయి. "ఇప్పుడా బ్రాంచిలో కూడా లైటు సిగ్నళ్ళు నిలబెట్టేసేరు. ఇవాళో రేపో వెలిగిస్తారు" అన్నాడు.

"నువ్వే షెడ్‌లో చెప్పొచ్చు కదా?"

"ఎలా చెప్పనురా? అత్త చేతి అన్నం తిని పెరిగేను" అన్నాడు.

ఆ రోజు సైకిలు తొక్కుకుంటూ ఇంటికి వచ్చేటప్పుడు నాకు అందరి మీదా కోపం వచ్చింది. నాన్న మీద, వాడి మీద, నవ్విన నా నోటి మీద. కంటి పరీక్షలో తప్పితే నాన్నని ఇంజను దించేస్తారు, ఇంజను మీద వచ్చే అలవెన్సు పోతుంది, దానితో మాల్దీవులూ పోతాయి. ఆ పరీక్షే జరగకపోతే ఏమవుతుందో తలుచుకోవడానికే భయం వేసింది. ఆ ఇంజనులో ఉండేది ఇద్దరూ నావాళ్ళే. ఎదురుగా వచ్చే బండిలో ఎంతమంది ఉంటారో ఎవరికి తెలుసు? ఎక్కడికని అడగకుండా మేమంతా కలిసి ఆయన రహస్యాన్ని భద్రంగా కాపాడామని అప్పుడు తెలిసింది.

నీకు కళ్ళు పోతున్నాయని డ్రైవరుతో ఎలా చెప్పాలి? అన్నం దగ్గర రెండుసార్లు నోరు తెరిచి, పెరుగు వెయ్యమన్నాను. చివరికి నాకు తోచింది ఒకటే. మర్నాడు పొద్దున్న నాన్న బాక్సు పట్టుకుని మెట్టు దిగుతుంటే అడిగేశాను.

"ఎక్కడికి నాన్నా?"

అమ్మ చేతిలో క్యారియరు చప్పుడు చేసింది. నాన్న వెనక్కి వచ్చాడు. బూట్లు విప్పాడు, కూర్చున్నాడు, నీళ్ళు తాగాడు, బూట్లు వేసుకున్నాడు, నా వైపు చూడకుండా వెళ్ళిపోయాడు. "నీకేటి పుట్టిందిరా? పెద్ద చదువులు చదివి ఇదా నేర్చుకున్నావు?" అని అమ్మ నా మీద విరుచుకుపడింది. తర్వాతి డ్యూటీకి మళ్ళీ అడిగాను. ఈసారి నాన్న నీళ్ళు తాగి, గ్లాసు కింద పెట్టి, నెమ్మదిగా అన్నాడు.

"అడిగితే ఆగిపోతాననుకుంటన్నావేటి బాబూ? నువ్వెన్నిసార్లడిగితే అన్నిసార్లు నీళ్ళు తాగి ఎళ్తాను."

ఆయనకి తెలుసు. నాకు తెలుసని కూడా తెలుసు. అయినా వెళ్ళాడు. ఆ రోజు కాలేజీకి వెళ్ళలేకపోయాను. పుస్తకం పట్టుకుని వరండాలో కూర్చున్నాను గానీ, చెవులు షెడ్ వైపే ఉన్నాయి. మధ్యాహ్నం సైరన్ కూసింది. అది షిఫ్టు సైరన్, ఒకే పొడుగు కూత, పుట్టినప్పటి నుంచి వింటున్నదే. అయినా చెప్పుల్లేకుండా గేటుదాకా పరిగెత్తాను. అక్కడ గేటు ఊచలు పట్టుకుని, అది ఆగి మళ్ళీ కూస్తుందేమోనని నిలబడ్డాను.

వెనక్కి వచ్చేసరికి అమ్మ పెరటి కుళాయి దగ్గర నాన్న విడిచిన యూనిఫాం తడుపుతోంది. నన్ను పిలిచి బకెట్టు చూపించింది. నీళ్ళు నల్లగా ఉన్నాయి.

"ఇదేటి?"

"బొగ్గు."

"మెయిన్ లైన్‌కెళ్తే ఎర్రమట్టి దిగుతది. ఎర్ర నీళ్ళు చూసి ఎన్నాళ్ళైందో" అంది. "పెళ్ళైన కాణ్ణించీ ఎక్కడికని నేనడగలేదు. బట్టలు తడిపితే తెలిసిపోతది నాకు. అన్నీ అటే ఎళ్తన్నారు. ఎందుకెళ్తన్నారో, ఆ రోజు మీరు బొమ్మల పుస్తకం పట్టుకుని నవ్వితే తెలిసింది."

"మరి ఎందుకు చెప్పలేదమ్మా?"

"ఏటని చెప్పనురా? కళ్ళుపోతే ఆ మనిషికి ఇంకేటి మిగుల్తది?" అంది. చొక్కా పిండుతూనే ఉంది. అప్పుడు నేను బొగ్గు బ్రాంచిలో వెలగబోయే దీపాల సంగతి చెప్పేశాను. అమ్మ పిండిన చొక్కా మళ్ళీ నీళ్ళలో ముంచింది.

తర్వాతి డ్యూటీ వచ్చిన రోజుకి ఆ దీపాలు వెలిగాయి. మావాడు తన బాక్సుతో మా గేటు దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. వాడి కళ్ళు నన్నే చూస్తున్నాయి. నాన్న బూట్లు బిగించుకుని లేచాడు. నేను నోరు తెరిచేలోపు అమ్మ వంటింట్లోంచి వచ్చింది. చేతిలో క్యారియరు లేదు. ఆయన రెండో మెట్టు మీద ఉండగా అడిగింది.

"ఎక్కడికెళ్తన్నారండీ?"

గొంతు పెద్దది కూడా కాదు. నాన్న దెబ్బ తగిలినట్టు ఆగిపోయాడు. వెనక్కి తిరిగి ఆమెని చూశాడు. "నువ్వా?" అన్నాడు. గేటు దగ్గర మావాడు బాక్సు నేల మీద పెట్టేసి తల దించుకున్నాడు.

నాన్న లోపలికి వచ్చాడు. బూట్లు విప్పాడు. అమ్మ నీళ్ళిస్తే తాగలేదు, గ్లాసు పట్టుకుని కూర్చున్నాడు. "నీకెప్పట్నుంచి తెలుసు?" అని అడిగాడు.

"కొన్నాళ్ళైంది" అంది అమ్మ.

ఆయన గేటు వైపు చూసి, "ఒరే, షెడ్‌లో చెప్పీ. డ్రైవరు ఒంట్లో బాలేక సిక్కు రాసేడని" అన్నాడు. మావాడు అలాగే మావయ్యా అని బాక్సు తీసుకుని వెళ్ళాడు, వేరే డ్రైవరుతో. వాడు తిరిగి వచ్చేదాకా మా ఇంట్లో రేడియో పెట్టలేదు.

రైల్వే ఆసుపత్రిలో చూసి, కంటి నరం ఎండిపోతోందన్నారు. ఆయన కాల్చే చుట్టల వల్ల కావచ్చునట, కాకపోనూవచ్చునట. రంగులు ముందు పోతాయి, మిగతాది మెల్లగా పోతుంది, ఎంత మెల్లగానో చెప్పలేమన్నారు. నాన్నని ఇంజను దించి షెడ్ ఆఫీసులో కూర్చోబెట్టారు. ఏ డ్రైవరు ఎక్కడికి వెళ్ళాలో నల్లబోర్డు మీద సుద్దముక్కతో రాయడం ఆయన పని. మావాడి పేరు కూడా ఆయనే రాసేవాడు, ఇంటికొచ్చి మాత్రం ఎవరితోనూ అనేవాడు కాదు. మాల్దీవుల మాట ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. ఆ ఏడాది చివర్లో, ఆ బుల్లి దీవుల్లోకి కూడా ఎవరో తుపాకులతో పడవల్లో దిగారని రేడియోలో వచ్చింది. అమ్మ నా వైపు చూసి ఏదో అనబోయి, మానేసింది.

ఒక ఆదివారం సాయంత్రం నాన్న తనే అట్లాసు తెప్పించుకున్నాడు. "నువ్వెళ్దామనుకున్నది ఇందులో ఏదిరా?" అని అడిగాడు. మా ఇంట్లో ఆ ప్రశ్న ఆయన నోట రావడం అదే మొదలు.

"దానికి రంగు లేదు నాన్నా. లంకకి ఎడమ పక్కన, సముద్రంలో నల్ల చుక్కలు."

"చుక్కలేనా? అయితే నాకూ కనిపిస్తాయి" అని ఆయన సంబరంగా పుస్తకం మొహానికి దగ్గరగా పెట్టుకున్నాడు. వేలు లంకని తడుముకుని, ఎడమకి జరిగి, ఇంకా ఇంకా జరిగి, ఏ చుక్కా లేని ఉత్త నీళ్ళ మీద ఆగింది. "ఇవే కదూ?" అన్నాడు.

గుమ్మంలో అమ్మ నిలబడి ఉంది. అవే నాన్నా, అన్నాను.